రంగు కారిన వెలుగు రేకులు

“మీ మొగం మా ఫోన్లో ఉండాది మేడం. మీ రంగు మా మగ్గం మీద ఉండాది. వచ్చి చూస్తారా, లేకుంటే మమ్మల్నే మీ ఊరికి రమ్మంటారా?”

ఎవరో తెలియని ఆడమనిషి గొంతు. నమస్కారం లేదు, పరిచయం లేదు. తప్పు నంబరేమో అనుకుని ఫోన్ పెట్టేయబోయాను. “పెట్టేయాకండి” అంది, నన్ను చూస్తున్నట్టే. పేరు వెంకటసుబ్బమ్మ అట. కడప జిల్లా వేంపల్లెలో నేత పని. ఒక కంపెనీవాళ్లు ‘వెలుగు రేకులు’ అని రంగు రంగుల రేకులు అమ్ముతున్నారట. కప్పు మీద వేసుకుంటే రాయిలో దాచిన రంగు ఎండను పట్టి బల్బులు వెలిగిస్తుందట. ఆ మాట చెప్పింది నేనేనట. ఆమె పంపిన వీడియో తెరిస్తే నిజంగానే నేను.

నేను విశాఖపట్నంలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. జియోలైట్ అనే ఖనిజంతో పని చేస్తాను. పైకి తెల్లటి పొడిలా ఉంటుంది కానీ దాని ఒక్కొక్క రేణువులో కంటికి కనిపించని గొట్టాలు వేలకొద్దీ పక్కపక్కనే పేర్చినట్టుంటాయి. ఆ గొట్టాల్లోకి రంగు అణువులను ఎక్కిస్తాం. గొట్టం ఎంత ఇరుకంటే అణువులు గుంపు కట్టలేవు, వరుసగా నిలబడాల్సిందే. అలా నిలబడితే ఒకటి పట్టిన వెలుతురును పక్కదానికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. చివరికి మనకు కావలసిన చోటికి చేరుతుంది. ఆకులు చేసే పనికి ఇది దూరపు చుట్టం.

ఒక సభలో తెలుగులో ఇదే చెప్పాను. “రాయిలో రంగును బంధిస్తే ఎండను పట్టి కావలసిన చోటికి పంపవచ్చు” అన్నాను. వెంటనే, “అయితే ఇది ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు, ఇంట్లో దీపం వెలిగించడానికి చాలా దూరం ఉంది” అని కూడా అన్నాను. కంపెనీవాళ్లు మొదటి వాక్యం దగ్గర కత్తిరించారు. నా నవ్వును మాత్రం ఉంచుకున్నారు.

“ఎందుకొచ్చిన గొడవ, ఒక ఖండన రాసి పడేయండి” అన్నారు మా ప్రిన్సిపాల్. ఖండన ఎవరు చదువుతారు? సంచిలో రెండు జతల బట్టలు, సభల్లో చూపించడానికి వాడే, రంగు ఎక్కించిన జియోలైట్ పొడి సీసా, నీలి కాంతి టార్చి పెట్టుకుని రైలెక్కాను.

కర్నూలు

కర్నూలులో దిగేటప్పటికే ఎండ పళ్లు చూపిస్తోంది. మా విశాఖలో ఎండకు చెమట పడుతుంది. ఇక్కడ చెమట పుట్టేలోపే ఆరిపోతుంది, చర్మం మీద ఉప్పు మాత్రం మిగులుతుంది. పొలాల మధ్య నల్లరాళ్లు, రాళ్ల మధ్య పొలాలు. ఇంత ఎండ ఉన్నచోట ఎండను అమ్ముతానని వచ్చినవాడిని నమ్మకుండా ఎలా ఉంటారు?

బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిన్నాను. బొరుగులు, అంటే మా మరమరాలు, నానబెట్టి నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పప్పుల పొడి వేసి కలుపుతారు. పక్కన నిలువుగా చీల్చి వేయించిన మిరపకాయ బజ్జి. మా ఊళ్లో బజ్జీ మిరపకాయ మెత్తటి జీవి. ఇక్కడిది పగబట్టి ఉంటుంది. మొదటి కొరుకుకే కళ్ల వెంట నీళ్లు.

“ఏం మేడం, కొత్తనా?” అన్నాడు బండి ఆయన, మజ్జిగ గ్లాసు జరుపుతూ. “ఎంతదూరం పోవల్ల?”

“కల్లూరు. వెలుగు రేకులు చేసేచోటికి.”

ఆయన మొహం వెలిగిపోయింది. “మంచిది మేడం! మా తమ్ముడూ పెట్టించుకుంటాండాడు. ఒక మేడం చెప్పినాది ఫోన్లో, శానా బాగా చెప్పినాది.” అని నా వైపు చూశాడు, మళ్లీ చూశాడు. “మీరు... మీరే గదా?”

మిరపకాయ గొంతులో అడ్డం పడింది. దగ్గు తగ్గాక, “మీ తమ్ముణ్ణి ఆపండి. నేను చెప్పింది సగమే చూపించారు” అన్నాను. ఆయన నమ్మలేదు. బండి చుట్టూ ఉన్నవాళ్లూ నమ్మలేదు. వీడియోలో నవ్వుతున్న నేను, ఎదురుగా కళ్ల నీళ్లతో అరుస్తున్న నాకంటే వాళ్లకు ఎక్కువ నిజమనిపించాను.

కల్లూరు

షేర్ ఆటోలో కల్లూరు పోయాను. కొత్త ఇళ్లు, సగం కట్టిన ఇళ్లు, వాటి మధ్య చిన్న చిన్న షెడ్లు. కంపెనీ షెడ్డు గోడ మీద నిలువెత్తు బొమ్మ. నాదే. కొంగు సర్దుకుంటూ చెయ్యెత్తిన భంగిమ. కింద ‘సైన్స్ మీ ఇంటి కప్పు మీద’ అని పెద్దక్షరాలు. నా బొమ్మ కింద నిలబడి నేను తలుపు కొట్టాల్సి వచ్చింది.

మేనేజరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. నన్ను చూసి కంగారు పడతాడనుకున్నాను. పడలేదు. లేచి నిలబడ్డాడు. “రాండి మేడం, రాండి. మీరే స్వయంగా వస్తారని అనుకోలే. ఒరే, ఎవరప్పా ఆడ, కాఫీ చెప్పు!”

“నా మాటలు ఎవరినడిగి వాడుకున్నారు?”

“ఇంటర్నెట్‌లో ఉండేది అందరిదీ గదా మేడం. మీకూ పేరు వచ్చె, మాకూ పని జరుగుతాండాది.”

రేకులు ఎలా చేస్తున్నారో చూడాలన్నాను. చూపించాడు. దాచుకునే అవసరం కూడా అతనికి అనిపించలేదు, అదే నన్ను మండించింది. డ్రమ్ములో చుట్టుపక్కల గనుల తెల్లమట్టి పొడి. అందులో బట్టలకద్దే చవక రంగు గుమ్మరించి కర్రతో తిప్పుతున్నారు. దాన్ని జిగురులో కలిపి పళ్లేల్లో పోసి రేకులుగా ఆరబెడుతున్నారు. రేకు అంచుల చుట్టూ సోలార్ పట్టీలని చెప్పేవి వట్టి వెండిరంగు టేపు. రేకుతోపాటు ఒక బ్యాటరీ పెట్టె ఇస్తారు. దాన్ని షెడ్డులోనే కరెంటుతో నింపి పంపుతారు. అది అయిపోయేదాకా కొన్నవాళ్ల ఇంట్లో బల్బు వెలుగుతుంది.

“రంగు లోపలికి వెళ్లిందని ఎలా తెలుసు మీకు? పైన అంటుకున్నది కడిగారా? గొట్టాల మూతులు మూశారా?”

“మేడం, అంత లోతుగా కస్టమర్ అడగడు.”

“నేను అడుగుతున్నాను.”

“మీరు కస్టమర్ కాదు గదా” అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “మా ఓనరు మీతో మాట్లాడాలంటున్నారు. సలహాదారుగా ఉండండి. అహోబిలంలో మా రేకులు చూసి మాట్లాడండి, పొద్దంతా బల్బు వెలుగుతానే ఉంటాది” అన్నాడు.

కాఫీ వచ్చింది. తాగలేదు. రేకు ముక్క ఒకటి అడిగి తీసుకుని బయటికొచ్చాను. గోడ మీద నా బొమ్మను గోళ్లతో గీరాను. ప్లాస్టిక్ బ్యానరు, చిరగలేదు. చూపుడువేలి గోరు విరిగింది.

అహోబిలం

నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ, అక్కడి నుంచి అహోబిలం. నల్లమల కొండలు దగ్గరపడేకొద్దీ గాలి చల్లబడింది, నేను చల్లబడలేదు. ఎగువ అహోబిలం దారిలో కొబ్బరికాయల కొట్టు మీద నారింజ రంగు రేకు కనిపించింది. దాని కింద పట్టపగలు బల్బు వెలుగుతోంది.

నిజంగానే పనిచేస్తోందేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది. మనిషికి ఆశ అంత సులువుగా పుడుతుంది. ఇన్నేళ్లుగా ఆ అణువులతో కుస్తీ పట్టేదాన్ని నేను, నాకే పుట్టింది. మిగతావాళ్లనేం అనాలి?

కొట్టు ఓబులేసు అనే ఆయనది. “ఇది రేకుతోనే వెలుగుతోందా?” అని అడిగాను.

“యాడ మేడం! రేకుతో నాలుగు దినాలు ఎలిగె, ఆరిపాయ. కంపెనీవాళ్లు వచ్చి ఆ ఎనకమాల కరెంటు స్తంభం నుంచి వైరు లాగినారు. ఆర్పొద్దు, జనం చూస్తాండల్ల అన్నారు.”

“మరి మీరు జనానికి నిజం చెప్పరా?”

“ఎవురూ అడగలే మేడం. మీరే మొదట అడిగింది.” కొబ్బరికాయ చేతికిచ్చి, “కోపం తగ్గించుకోండి, స్వామి దగ్గరికి పోతాండారు” అన్నాడు.

నరసింహస్వామి దగ్గరికి పోతూ కోపం తగ్గించుకోమనడం నాకు నచ్చలేదు. ఆయన కోపంగా ఉన్నందుకే కదా ఇంతమంది ఈ కొండెక్కుతున్నారు! గుడిలో ఏమీ కోరుకోలేదు. ఉగ్రంగా ఉన్న ఆ ముఖాన్ని మాత్రం కాసేపు చూస్తూ నిలబడ్డాను.

మైదుకూరు దాటాక

కడప బస్సులో పక్క సీట్లో పసుపు పండించే రైతు. నా చేతిలో నారింజ రేకు ముక్క చూసి, “ఇదేందమ్మా, కిటికీకా?” అన్నాడు. చెప్పాను. తేనెపట్టులా రాయిలో సన్నటి గొట్టాలుంటాయని, ఒక్కో గొట్టంలో రంగు అణువులు వరుస కడతాయని, ఇది మాత్రం మట్టి మీద పూసిన రంగేనని, మోసమని చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు.

“నీ సొమ్ము ఎత్తుకపోయినారామ్మా?”

“లేదు. నా మాట ఎత్తుకుపోయారు.”

ఆయన మూట విప్పి ఉడకబెట్టిన చెనక్కాయలు నా ఒళ్లో పోశాడు. మా వైపు ఇవే వేరుశనక్కాయలు. పొట్టు బస్సులో వేయొద్దని ఆయనే తన తువ్వాలు పరిచాడు. కడప వచ్చేదాకా ఇంకేమీ అడగలేదు.

కడపలో కారం దోశ తిన్నాను. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, దోరగా కాల్చి ఇచ్చారు. ఆకలి మీద ఉన్నానేమో, ఆ కారమే హాయిగా అనిపించింది.

వేంపల్లె

మా విశాఖలో వంటింటి అరలకు వేసుకునే కడప బండతో ఇక్కడ ఇల్లే కట్టుకుంటారు. వెంకటసుబ్బమ్మ ఇంటి గోడలు, నేల, అరుగు అన్నీ బండలే. నడిమింట్లో మగ్గం గుంత. దాని మీద కప్పులో మాత్రం వెలుగు రేకులు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. గుంతలో కూర్చుని నేసి నేసి వీపు కాస్త వంగింది. నీళ్ల చెంబు ఇచ్చి, నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయింది. “చూడండి.”

మగ్గం మీద సాగదీసిన తెల్లటి పడుగు. నిలువు పోగుల మీద నారింజ, గులాబి చారలు. వాన పడ్డ రోజు రేకుల్లోంచి రంగు కారి, చుక్కచుక్కగా పడి, పోగు పొడవునా పాకింది. సగం నేసిన చీర అలాగే ఆగి ఉంది.

“చీకట్లో పోగు తెగితే కనబడటం లేదని పెట్టించుకొంటిమి మేడం. నాకు చూపు తగ్గతాండాది. ఎలుగొస్తే ఇంకొన్నేండ్లు నేసుకోవచ్చు అనుకొంటి. తడిగుడ్డతో తుడిచి చూస్తి, పోలే. నూలు ఇచ్చినాయన ఇంక నాకు నూలు ఇయ్యనన్నాడు. పెండ్లి చీర ఇది. ఆ పెండ్లిపిల్లకు ఏం చెప్పల్ల నేను?”

నేను ఆ పోగుల మీద చెయ్యి పెట్టాను. నా జీవితమంతా రంగును కదలకుండా ఎలా బంధించాలా అనే పని చేశాను. ఆ పని పేరు చెప్పి అమ్మిన రంగు ఒక్క వానకు కారి ఈమె చేతుల్లో పని లాగేసింది. “నేనిలా చెప్పలేదమ్మా, వాళ్లు కత్తిరించారు” అన్నాను.

“మీరట్ల చెప్పలేదని నాకెట్ల తెలుస్తాది?” అంది ఆమె. తిట్టలేదు. నిజంగానే అడిగింది.

“తెలిసేలా చూపిస్తాను. ఇవి ఎవరు అమ్మారు మీకు?”

ఆమె తల దించుకుంది. “నా తమ్ముడే. మద్దిలేటి. ఈ వీధి అంతా వాడే పెట్టిస్తాండాడు. సాయంత్రం చౌడమ్మ గుడి కాడ మీటింగు పెట్టినాడు.”

గుడి ముందు జంబుఖానా పరిచి, నలభై ఏళ్ల మద్దిలేటి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నా వీడియో ఉన్న ఫోను. నన్ను చూడగానే చేతులు జోడించాడు. “మేడమే వచ్చినారు! ఇంక మీకు అనుమానమేంటికి?” అని వీధివాళ్లతో అన్నాడు.

“రెండు గాజు గ్లాసులు, వేడినీళ్లు, చిటికెడు ఉప్పు తెప్పించండి” అన్నాను. ఒక గ్లాసులో మద్దిలేటి అందరికీ చూపించడానికి తెచ్చిన రేకు ముక్కను నలిపి వేశాను. రెండోదాంట్లో నా సీసాలోని పొడి. వేడినీళ్లు పోసి, పైపైన అంటిన రంగు ఊడిరావడానికి ఉప్పేసి కలిపి, అరుగు మీద పెట్టి, కదిలించొద్దన్నాను.

రేకు ముక్క ఉన్న గ్లాసులో నీళ్లు మొదట లేత గులాబి, తర్వాత ముదురు నారింజ అయ్యాయి. రెండో గ్లాసులో పొడి మెల్లగా అడుగుకు చేరింది. పైన నీళ్లు తేటగానే నిలిచాయి. నీలి కాంతి టార్చి వేశాను. అడుగున ఉన్న పొడి ఎర్రగా వెలిగింది. “ఇందులో వెలుతురును పట్టే రంగు ఒకటి, అందుకుని ఎర్రగా బయటికి పంపే రంగు ఒకటి. రెండూ రాయి లోపలే ఉన్నాయి. అందుకే కారలేదు” అన్నాను.

“అయితే మీది బాగుండాది” అంది వెంకటసుబ్బమ్మ. “మీది మా ఇంట్లో బల్బు ఎలిగిస్తాదా?”

అందరూ నా వైపే చూశారు. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది. వాళ్లకు కావలసిన మాట నా నాలుక మీద ఉంది.

“వెలిగించదు. ఇప్పట్లో కాదు. మీకు ఈ రోజు వెలుతురు కావాలంటే మామూలు సోలార్ పలకే పెట్టుకోవాలి.”

మద్దిలేటి నారింజ నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుని, పైకెత్తి చూశాడు. నీళ్లు తొణికి వేళ్లకు రంగంటింది. “నా ఇంటి మీద కూడా ఇవే ఉండాయి మేడం” అన్నాడు. “మీ మాట ఇనే నేను మగ్గం అమ్మేస్తిని. మా అక్క కప్పు మీద నా చేత్తోనే పెడితి. మీరీ మాట అప్పుడే ఎందుకు చెప్పలే?”

“చెప్పాను. వాళ్లు కోసేశారు.” నా ఫోన్‌లో ఉన్న పూర్తి వీడియో పెట్టి చూపించాను. వాళ్లు కోసేసిన వాక్యం గుడి ముందు నా గొంతులోనే వినిపించింది. మద్దిలేటి రెండోసారి పెట్టమన్నాడు. రెండోసారి విన్నాక అక్కడే కూలబడ్డాడు.

“లెయ్” అంది అక్క. “స్టేషన్‌కి పోదాం పా.”

“నన్నే పట్టుకుంటారు అక్కా.”

“పట్టుకోనీ. నేను కూడా వస్తాండా.”

స్టేషన్ ముందు

పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ అంతా ఓపిగ్గా విన్నాడు. విన్నాక పెన్ను కింద పెట్టి, “చూడండి మేడం, అమ్మింది ఇతను. చెప్పింది మీరు. కాగితం మీద మొదట మీ ఇద్దరి పేర్లే వస్తాయి. ఆలోచించుకోండి” అన్నాడు.

“రాయండి” అన్నాను.

మద్దిలేటి బల్ల దగ్గరికి జరిగాడు. “నా పేరు రాసుకోండి సార్. కల్లూరోళ్ల పేర్లు కూడా రాయల్ల. ఎవురు ఏం చెప్పి నాకు రేకులిచ్చినారో అన్నీ చెప్తా” అన్నాడు. వెంకటసుబ్బమ్మ మగ్గం మీది నుంచి కోసి మడిచి తెచ్చిన పడుగును బల్ల మీద పరిచింది. గులాబి చారలు బల్ల దాటి కిందికి వేలాడాయి. ఇన్‌స్పెక్టర్ దాన్ని కాసేపు చూసి, పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

నేను విశాఖకు తిరిగొచ్చాక కల్లూరు మేనేజరును పట్టుకున్నారని తెలిసింది. ఓనరు ఎక్కడున్నాడో తెలియదు. మద్దిలేటి సాక్ష్యం ఇచ్చాడు. వేంపల్లెలో ఆ వీధివాళ్లు రేకులన్నీ దించేశారు. వెంకటసుబ్బమ్మకు వేరే ఆసామి నూలు ఇచ్చాడు, కప్పు మీద ప్రస్తుతానికి టార్పాలిన్ ఉంది. వాన పడితే శబ్దానికి నిద్ర పట్టడం లేదట. ఆ పెళ్లికి చీర ఇంకెక్కడో కొన్నారట. కర్నూలు చుట్టుపక్కల ఇంకా ఎన్ని ఇళ్ల మీద ఆ రేకులున్నాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నా వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. కల్లూరు గోడ మీది బ్యానరును తీసేశారో లేదో నాకు తెలియదు.

ఆ రోజు స్టేషన్‌లో పని ముగిసేసరికి మేం ముగ్గురం ఆకలితో ఉన్నాం. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి అనే పచ్చడి తెచ్చి పెట్టారు. నాకు సంగటి తినడం చేతకాదు. నమిలేసరికి పళ్లకు అంటుకుంది. నమలకూడదు, ముద్ద చేసి మింగాలి అంది వెంకటసుబ్బమ్మ. మద్దిలేటి మాత్రం ముట్టలేదు. పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో నారింజ రంగు అలాగే ఉంది. నాకూ ముద్ద దిగడం లేదు. ఎవరిని తిట్టాలో, ఎంత తిడితే చాలుతుందో తెలియడం లేదు.

వెంకటసుబ్బమ్మ మా ఇద్దరినీ చూసింది. తన పళ్లెంలో సంగటి విరిచి, ఊరుబిండి అద్ది, ఒక ముద్ద తమ్ముడి చేతిలో పెట్టింది. ఇంకొకటి నా చేతిలో పెట్టింది.

“తినండి ఇద్దరూ” అంది. “మన కోపం రేపటికి కూడా కావల్ల.”